దారికి అడ్డం పెట్టిన వెదురు

ఈస్టరు దగ్గరపడితే మా చర్చిలో నా సంగతి ఒకటి చెబుతారు. అనంతగిరి ఘాట్‌లో రోడ్డు పని చేయించిన ఒక క్రైస్తవ మేస్త్రీ, రాయి పేలబోతుందని దేవుడు హెచ్చరిస్తే కూలీలను ముందుకు పోనివ్వకుండా ఆపాడట. పనివాళ్లను చూసుకోవడమంటే అదట. ఆ మాట వినిపిస్తున్నంతసేపూ ముందు బెంచీలో కూర్చున్న నేను తల ఎత్తను. కూలీలను ఆపింది నేను కాదు. మొన్న పాస్టరుగారితో ఆ మాటే చెప్పాను. "పోనివ్వండి, ఆ కథ పదిమందికి మంచి చేస్తోంది" అన్నారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మన్యంలో దొరల మీద లేచిన పితూరీ అణగిన కొత్త రోజులవి. కొండవాళ్లకు పోలీసులంటే భయం, పోలీసులకు కొండవాళ్లంటే భయం. కింద మైదానం నుంచి వచ్చిన నాకు అందరూ భయమే. చలిజ్వరమంటే భయం, పులంటే భయం, అన్నిటికన్నా మా కంట్రాక్టరంటే భయం. పొద్దున్నే కూలీలందరినీ వరసగా నిలబెట్టి ప్రార్థన చేసేవాణ్ణి. వాళ్లలో క్రైస్తవులు నలుగురో ఐదుగురో. అయినా అందరూ తల వంచాల్సిందే. క్రైస్తవుడిగా పనివాళ్లకు నేను చేయవలసింది అంతటితో అయిపోయిందనుకునేవాణ్ణి.

ఆ ఏడు ఈస్టరూ, కొండవాళ్లు వేటకు పోయే ఇటుకల పండగా దగ్గర దగ్గరగా వచ్చాయి. ఈస్టరుకు పని ఆపేసి కిందికి వెళ్లి వచ్చాను. రాగానే కూలీల్లో పెద్దాయన అడిగాడు.

"మీ పండక్కి పని ఆపినారు గదా బాబూ. మా పండక్కి ఆపరేటి?"

"మాది దేవుడి పండగ. మీది వేట."

ఆయన పక్కవాళ్ల వైపు చూసి నవ్వాడు. "ఇన్నారా? ఆ దేవుడికి సెలవుందంట. మన దేవతకి నేదంట."

అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. పని మానినవాడి పేరు ఠాణాలో చెబుతానన్నాను. నవ్వు ఆగిపోయింది. ఆ మాటకు వాళ్ల ముఖాలు ఎలా మారాయో ఇప్పటికీ కళ్లకు కడుతుంది. పండగ మొదలైనా ఒక్కడు కూడా పని మానలేదు.

ఇటుకల పండగ రోజుల్లో మగవాళ్లంతా వేటకు పోవాలి. పోనివాణ్ణి ఆడవాళ్లు ఊరుకోరు. దారికి అడ్డంగా కర్ర పెట్టి, ఏదో ఒకటి ఇచ్చేదాకా ఎవర్నీ దాటనివ్వరు. మగవాళ్లు ఊరి వేటకు రాలేదు కాబట్టి, ఆడవాళ్లే ఆ రోజు వెదురు బొంగు పట్టుకుని పని దగ్గరికి వచ్చారు. వస్తూనే మొదలుపెట్టారు.

"వేటకెల్లనోళ్లకి సీరలు తెచ్చినాం, కట్టుకోండి!"

అప్పుడే మేం మలుపు దగ్గర బండకు రెండుచోట్ల మందు కూరి వత్తులు అంటించి వెనక్కి వచ్చాం. ఒకటి పేలింది. రెండోది పేలలేదు. అలా అయితే మర్నాటిదాకా ఆ దరికి పోకూడదు. కానీ సాయంత్రం కంట్రాక్టరు ఇంజనీరు దొరను తీసుకొస్తున్నాడు, అప్పటికి ఆ మలుపు తెరిచి ఉండాలి. రాళ్లకు రంధ్రాలు కొట్టే మనిషిని పిలిచి, వెళ్లి చూసి రమ్మన్నాను. అతనూ నాతో ప్రార్థన చేసేవాడే.

"వత్తి లోపల కాలతా ఉంటాది బాబూ."

"ఆరిపోయింది. పొద్దున ప్రార్థన చేసుకున్నాం కదా, ఏమీ కాదు."

ఆ మాట నా నోటి నుంచే వచ్చింది.

అతను నాలుగడుగులు వేశాడు. అతని పెళ్లాం ఎదురొచ్చి వెదురు అడ్డం పెట్టింది.

"ఏటిత్తావు?"

"తప్పుకోయే."

"అడవిపందిని కొట్టనోడివి, బండని వేటాడతావేటి?"

ఆడవాళ్లు పకపకా నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. వెదురు గట్టిగా పట్టుకుని బండ వైపే చూస్తోంది. నేను విసురుగా వెళ్లి తియ్యమన్నాను. ఏం కావాలంటూ జేబులో చెయ్యి పెట్టాను.

"డబ్బులొద్దు బాబూ. ముందు తవరు దాటండి. తవరు దాటితే మావోడూ దాటుతాడు."

వెనక నుంచి ఒక ముసలామె అందుకుంది. "ఎల్లండి బాబూ, మీ పెబువు సూసుకుంటాడు గదా!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. అందరూ నన్నే చూస్తున్నారు. నేను బండ వైపు చూశాను. ఎండలో నల్లగా, ఊరికే ఉంది. కాలు ఎత్తాలనుకున్నాను, రాలేదు. పొద్దున అంత గట్టిగా చేసిన ప్రార్థనలో ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. ఆ బండ దగ్గరికి నేను పోలేనని తెలుసు. అతన్ని పొమ్మన్నప్పుడు కూడా తెలుసు.

బండ పేలింది.

రాళ్లు లోయలోకి దొర్లిన చప్పుడు ఎదుటి కొండకు తగిలి తిరిగి వచ్చింది. దుమ్ము తగ్గాక చూస్తే మలుపు దగ్గర నిలబడే చోటే లేదు. ఆమె వెదురు వదలకుండా అలాగే కూలబడిపోయింది. అతను నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. పోలీసులను చూసినట్టు చూశాడు.

నేను దారికి అడ్డంగా నిలబడి ఉండటం దూరం నుంచి చూసిన, పని లెక్కలు రాసే గుమాస్తా, మేస్త్రీబాబే ఆపేశారని కంట్రాక్టరుకు చెప్పాడు. కంట్రాక్టరు అప్పటి పాస్టరుగారికి చెప్పాడు. దేవుడు హెచ్చరించాడా అని ఆయన అడిగితే అవునన్నాను. ఆ అవునుతోనే ఇన్నేళ్లూ బతికాను.

మర్నాడు కూలీలను పండగకు పంపేశాను. కంట్రాక్టరు తిట్లు నేనే పడ్డాను. ఆ తరువాత ఎప్పుడు మందు పేలకపోయినా మర్నాటిదాకా ఎవర్నీ పోనివ్వలేదు. మర్నాడు ముందు నేనే నడిచేవాణ్ణి. అది ధైర్యం కాదు. మొదటిసారి నడిచినప్పుడు మోకాళ్లు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. రంధ్రాలు కొట్టే అతను నా వెనకే వస్తున్నాడు.

"బాబూ, బేగి నడండి" అన్నాడు. "మీ కాళ్లు సూత్తంటే నాకింకా బయమేత్తంది."

నడిచాను.