రేడియో ఏరియల్, రోస్మీరా జీపు

కొలంబియా కొండల్లో, పిహావో ఊరి నుంచి పై తోటలకి జీపు నడిపేది రోస్మీరా. పంతొమ్మిదో ఏట మేనమామ జీపు వెనక వేలాడుతూ టిక్కెట్లు కొట్టేది. మామకి చూపు మందగించాక స్టీరింగు తన చేతికొచ్చింది. "ఆడపిల్ల నడిపితే మేం ఎక్కం" అన్న మగాళ్ళే, ఇరవై ఎనిమిదేళ్ళు తిరిగేసరికి, ఆమె జీపు వచ్చేదాకా అరటిగెలలు పెట్టుకుని రోడ్డు పక్కన కూర్చుంటున్నారు.

ఆ ఏడు కాఫీ కోతలప్పుడు జీపుకి కొత్త జబ్బు పట్టుకుంది. పరుగెత్తినంతసేపూ బాగానే ఉండేది. ఎవరినైనా ఎక్కించుకుందామని యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, ఇంజను ఎగిరెగిరి పడి ఠక్కున ఆగిపోయేది. ఎక్కినవాళ్ళే దిగి తొయ్యాలి.

"అక్కా, నీ జీపెక్కితే ప్రయాణమూ అవుతుంది, కసరత్తూ అవుతుంది!" వెనక జీపు నడిపే ఒవీడియో హారన్ కొట్టి మరీ ఎగతాళి చేశాడు.

"నవ్వరా నవ్వు! నీ బండికీ వస్తుంది ఆ రోజు" అంది గానీ, లోపల చురుక్కుమంది.

ఆదివారం పెరట్లో ఇంజను ఆన్ చేసి బానెట్ ఎత్తింది. కార్బురేటర్‌లో గాలిని అదుపు చేసే రేకు ఒక సన్నని కడ్డీ మీద తిరుగుతుంది. ఆ కడ్డీ చివర నూనె చుక్కలు వేసింది. దగ్గుతున్న ఇంజను ఒక్క క్షణం కుదురుకుంది.

"దొరికావే దొంగా!" అని అరిచింది. కడ్డీ అరిగింది, అది తిరిగే రంధ్రాలు వదులయ్యాయి, పక్కనుంచి గాలి దూరుతోంది.

కార్బురేటర్ వంటింటి బల్లమీదికి చేరింది. కడ్డీ అరిగినచోట ఇత్తడి అతుకు వేసి, చేతి డ్రిల్లుకి బిగించి తిప్పుతూ గరుకు కాగితంతో నున్నగా తీసింది. ఇక రంధ్రాల్లో తొడగడానికి సన్నని ఇత్తడి గొట్టం కావాలి. ఇల్లంతా వెతికి, చివరికి తండ్రి అర్సేసియో వైపు చూసింది. ఎనభై రెండేళ్ళాయన రేడియో చెవికి ఆనించుకుని సైకిల్ పందెం వింటున్నాడు.

"నాన్నా, ఆ ఏరియల్ ఇత్తడిదేనా?"

"దాని జోలికొస్తే ఊరుకోను! మన కుర్రాడు కొండెక్కుతున్నాడు."

"దిగాక ఇస్తావా?"

కుర్రాడు గెలిచాడు. ఆ హుషారులో ముసలాయనే ఏరియల్ ఊడదీసి ఇచ్చాడు. "పాడుచేశావో, రేపట్నుంచి వ్యాఖ్యానం నువ్వే చెప్పాలి!"

తొందరలో ఒక్కో రంధ్రాన్నీ విడిగా తొలిచింది. గొట్టం ముక్కలు తొడిగి చూస్తే కడ్డీ బిగుసుకుపోయింది, రెండు వైపులా ఒక గీతలో లేవు. తనని తాను తిట్టుకుని, ముక్కలు పీకేసి, పొడుగాటి డ్రిల్లు బిట్టుని ఈ వైపు నుంచి ఆ వైపుకి ఒకే దారిన నడిపింది. ఏరియల్‌ గొట్టాల్లో కాస్త లావుది కోసి తొడిగింది. ఈసారి కడ్డీ వేలితో తాకగానే తిరిగింది. రేకుని పూర్తిగా మూసి, అది నడిమధ్య సర్దుకున్నాకే మరలు బిగించింది.

సోమవారం మొదటి ట్రిప్పు. వాగు దగ్గర ఒకావిడ రెండు కోళ్ళతో చెయ్యెత్తింది. రోస్మీరా కాలు తీసింది. ఇంజను మెత్తగా, తీరిగ్గా ఆడుతూనే ఉంది. అలవాటుకొద్దీ తొయ్యడానికి దిగిన ఇద్దరు వెర్రిమొహాలు వేసుకుని మళ్ళీ ఎక్కారు. జీపంతా గొల్లుమంది.

ఇంకో మైలు పోయాక, ఎవరూ చెయ్యెత్తని మలుపులో మళ్ళీ ఆపింది.

"ఏమైందమ్మా?"

"ఏం కాలేదు. ఒక్క నిమిషం దీని చప్పుడు విననివ్వండి."