సమ్మమ్మ పెసర చేను

నెక్కొండ దగ్గరి పల్లెలో సమ్మమ్మ మాటంటే ఒకప్పుడు ఆడవాళ్లకు గురి. వరంగల్‌లో మహిళా రైతుల శిక్షణకు పోయి ఆమె ఒక పని నేర్చుకొచ్చింది. పెసర విత్తనాలకు చల్లార్చిన బెల్లం పాకం పూసి, రైజోబియం అనే నల్లపొడి పట్టించి, నీడలో ఆరబెట్టి విత్తడం. ఆ పొడిలో కంటికి కనిపించని జీవులుంటాయని, అవి వేళ్లకు బుడిపెలు కట్టి గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తాయని చెబితే అందరూ నవ్వారు. ఆ ఏడు యూరియా చల్లకుండానే ఆమె చేను కమ్ముకొచ్చింది. నవ్వినవాళ్లే గట్టు మీదికొచ్చి నిలబడ్డారు.

మరుసటి వేసవి చివర ఆ పొడి కొనడానికి అందరి తరఫునా ఆమే నెక్కొండ వెళ్లింది. దుకాణం సేటు సదానందం రేకుల షెడ్డులోంచి ప్యాకెట్లు తీసిచ్చాడు. చేతికి సురుక్కుమన్నాయి.

"సేటూ, వేడికి ఇందులున్న జీవులు సచ్చిపోతయట గదా?"

"తేదీ ఇంక దాటలేదమ్మా. జర కూడ ఫికర్ చెయ్యకు."

తేదీ చూసింది, నమ్మింది. తన చేనుకు మాత్రం ఆ మధ్యే వరంగల్ శిక్షణవాళ్లిచ్చిన పొడి ఉంది. నీళ్ల కుండ పక్కన తడి ఇసుకలో దాచిపెట్టిన దాన్నే వాడుకుంది.

మిగతావాళ్లు ఆమె తెచ్చిన ప్యాకెట్ల పొడి పట్టించి తొలకరికి విత్తారు. నెల తిరిగేసరికి ఊరి పెసర పాలిపోయింది. సమ్మమ్మ చేనొక్కటే నల్లగా నిగనిగలాడింది. తోటికోడలు శోభారాణి తన చేలోంచి మొక్క పీకి తెచ్చి ముందు పడేసింది. వేళ్లకు బుడిపెలు దాదాపు లేవు.

"మంచిది నువ్వు పెట్టుకొని, పాడైంది మాకు అంటగట్టినవ్ గదక్కా."

"సమ్మక్క తల్లి మీద ఒట్టు శోభా, నాకు ఎర్కలేదు."

"ఎర్క లేకుంటె ఆ పొడి నీ చేన్ల ఎందుకు పెట్టలే?"

సమ్మమ్మ తన చేతుల వైపు చూసుకుంది. ప్యాకెట్ల వేడి తెలిసిన చేతులు అవే మరి.

సదానందాన్ని నిలదీస్తే, నలుగురిలో తలైనా ఎత్తకుండా అన్నాడు: "మందు మంచిదే. మీకు కలుపుడు రాలే."

కాయ పండింది. ఏరడానికి రమ్మని సమ్మమ్మ ఇంటింటికీ తిరిగింది. ఒకామెకు ఒళ్లు బాగాలేదు, ఒకామెకు చుట్టాలొచ్చారు, ఒకామె తలుపే తీయలేదు. భర్త ఉప్పలయ్య, తనూ నడుములు పడిపోయేదాకా ఏరారు. సగమైనా కాకముందే ముసురు పట్టింది. చెట్టు మీదే కాయలు పగిలి పెసలు మొలకలెత్తాయి.

"ఊరందరికి మంచి చెయ్యమని నిన్ను ఎవడు అడిగిండే?" అన్నాడు ఉప్పలయ్య, తడిసిన గోనెసంచి విసిరికొట్టి.

ఇప్పుడా ఊళ్లో పెసరకు అందరూ యూరియానే చల్లుతున్నారు. సదానందం దగ్గరే కొంటున్నారు. సమ్మమ్మ పెసర మానేసి పత్తి పెట్టింది. ఏరడానికి ఆడవాళ్లు మళ్లీ వస్తున్నారు. మధ్యాహ్నం సద్దులు మాత్రం ఆమెకు దూరంగా, ఇంకో గట్టు మీద విప్పుకుంటారు.