ఆదివారం మాత్ర

సహోదరులారా, సహోదరీలారా, సాక్ష్యం మొదలుపెట్టే ముందు మా ఇంట్లో పోయినవాటి లెక్క చెబుతాను, ఎందుకంటే లెక్క లేకుండా ఏదీ చెప్పడం నాకు చేతకాదు. పాదాలు పట్టక మా అమ్మ పక్కన పెట్టేసిన చెప్పుల జతలు మూడు. నేలమీద చాప వేసుకుని కూర్చోవడం పోయింది, మోకాళ్ళూనడం పోయింది, వెల్లకిలా పడుకుని నిద్రపోవడం పోయింది. తలకింద ఒక దిండు రెండై, రెండు మూడై, చివరకు గోడకు ఆనుకుని కూర్చునే కునికేది. మా గుమ్మం నుంచి మందిరం గుమ్మానికి నా అడుగులతో మూడువందల నలభై. ఆ దూరం ఏకబిగిన నడిచే మనిషి మొదట ఒకచోట ఆగింది, తరువాత నాలుగుచోట్ల ఆగింది, ఆ తరువాత ఆటో ఎక్కింది. ఆసుపత్రిలో గడిచిన రోజులు పందొమ్మిది. మందిరానికి వెళ్ళలేకపోయిన ఆదివారాలు పదకొండు. డెబ్భై మూడేళ్ళ మా అమ్మ మార్తమ్మ మిగతావాటి గురించి ఎప్పుడూ నోరెత్తలేదు గాని, ఆ పదకొండూ మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టి చెప్పేది.

నేను కలిదిండి దగ్గర చేపల చెరువుల మీద లెక్కలు చూసేవాడిని. నా చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. అయినా చెరువుకి ఎన్ని బస్తాల మేత వేయాలో, వల వేసి చూసిన పది చేపల బరువునుబట్టి చెరువు మొత్తం మీద ఎన్ని టన్నులు వస్తాయో నోటిలెక్కతోనే చెప్పగలను. చదువుకున్నవాళ్ళు కూడా వచ్చి అడుగుతారు. అది దేవుడిచ్చిన వరమే. కాని ఆ వరాన్ని చూసుకుని నేను కొంచెం పొంగిపోయిన మాట కూడా నిజం!

అమ్మకు ముందు సాయంత్రం పూట పాదాలు బరువెక్కేవి. వయసు మీదపడింది కదా అనుకున్నాం, షాపులో నొప్పిబిళ్ళలు కొని వేశాం. నెల తిరిగేసరికి వాపు పిక్కలదాకా వచ్చింది. వేలితో నొక్కితే తడిపిన పిండిలో దిగినట్టు దిగి, ఆ గుంట ఎంతసేపటికీ పూడేది కాదు. ఒకరోజు పొద్దున్నే ఊపిరాడక పెనుగులాడుతుంటే కారులో ఏలూరు తీసుకుపోయాం. తొమ్మిది రోజులు ఉంచారు. గుండె బలహీనపడి ఒంట్లో నీరు నిలిచిపోతోందనీ, మేము వేసిన నొప్పిబిళ్ళలు దాన్ని ఇంకా పెంచాయనీ డాక్టరమ్మగారు చెప్పారు. నీరంతా తీశాక అమ్మ బరువు యాభై నాలుగు కిలోలు. రోజూ పొద్దున్నే నీటి మాత్ర ఒకటి వేయాలి, రోజంతా కలిపి ఉప్పు చిన్న చెంచాడుకు మించకూడదు, నీళ్ళు లీటరున్నర, ఏమీ తినకముందే బరువు చూసి రాసిపెట్టాలి అన్నారు. రాసిపెట్టాలి అనగానే నా ప్రాణం లేచివచ్చింది. ఇది నా పనే కదా!

చెరువు దగ్గర వాడకుండా ఉన్న కాటా ఒకటి ఇంటికి తెచ్చి వరండాలో పెట్టాను. అమ్మ దాని మీద ఒక కాలు పెట్టి నావైపు చూసింది.

"ఏంట్రా అబ్బాయ్, నన్నేమన్నా బొచ్చె చేపల రేటుకి వేస్తావా?"

"ఐసు కూడా వేయించుకోండి అత్తయ్యగారూ, రేటు బాగా పలుకుద్ది," అంది మా ఆవిడ రాణి.

అందరం నవ్వుకున్నాం. ఆవకాయ జాడీ అటక ఎక్కింది, ఎండుచేపలు గడప దాటి రావడం మానేశాయి, ఇంటిల్లిపాదీ చప్పిడి కూర తిన్నాం. ఎన్ని మాత్రలు అయిపోయాయో అట్టలోని ఖాళీ గడులు రోజూ లెక్కపెట్టేవాడిని. ఒక్కటి కూడా తప్పలేదు. అయినా సహోదరులారా, వారానికి సుమారు అరకిలో చొప్పున అమ్మ బరువు పెరుగుతూనే ఉంది! తొమ్మిది వారాలకు యాభై ఎనిమిదిన్నర. డాక్టరమ్మగారు మాత్ర ఒకటి బదులు రెండు చేశారు. అయినా పద్నాలుగో వారానికి అరవై ఒకటి. యాభై నాలుగు మీద ఏడు కిలోలంటే ఏడు లీటర్ల నీళ్ళు. మంచినీళ్ళ సీసాలు ఏడు ఆ రెండు కాళ్ళలో మోస్తూ మా అమ్మ మందిరానికి వెళ్ళొస్తోంది.

పెరిగిన ప్రతిసారీ నాకు తోచింది ఒక్కటే కారణం. మరీ ఎగిరిన రోజున బరువు పక్కన 'ఉప్పు' అని రాసేవాడిని, లోపలికి వెళ్ళి రాణిని అడిగేవాడిని. "లేదండీ" అనేది. నేను నమ్మేవాడిని కాదు. కొలిచిన చెంచా కంటే మనిషి మాట ఎక్కువా అనుకునేవాడిని.

పద్నాలుగో వారం చివర అమ్మకు మళ్ళీ ఊపిరి అందలేదు. మళ్ళీ ఏలూరు, పది రోజులు. అక్కడ అవే మాత్రలు, అదే మోతాదు, నర్సమ్మ చేత్తో ఇచ్చేసరికి నీరు దిగిపోయింది. డాక్టరమ్మగారు నన్ను బయటకు పిలిచి, "ఇక్కడ పనిచేసిన మందు మీ ఇంట్లో ఎందుకు పనిచేయడం లేదండీ? ఈసారికి గట్టెక్కారు. ఇంకోసారి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరితే మాత్రం నేను మాటివ్వలేను," అన్నారు.

తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన మా చెల్లెలు పక్కనే ఉంది. దాని ఎదురుగానే రాణిని పట్టుకుని, మా అమ్మను నీ వంటే చంపుతోంది అన్నాను. ఆ మాట ఇప్పుడు రాయడానికి కూడా చేయి రావడం లేదు. రాణి ఏడవలేదు, అరవలేదు. ఇలా అంది:

"ఏవండీ, ఉప్పు నేను రోజూ ఒకేలాగ వేస్తున్నాను. తప్పు ఉప్పుదే అయితే బరువు రోజూ ఒకేలాగ పెరగాలి కదండీ? మీ పుస్తకంలో అలాగే ఉందా?"

ఏ రోజు ఎంత పెరిగిందో విడదీసి చూడడం చెరువుల లెక్కలో ఎప్పుడూ చేసే పనే, మా అమ్మ లెక్కలో చేయనే లేదు! ఆ మధ్యాహ్నం ఆసుపత్రి బల్లమీద కూర్చుని, కొత్త కాగితం మీద వారంలోని ఏడు రోజులకు ఏడు గడులు గీసి, పద్నాలుగు వారాల బరువులూ ఎత్తి రాశాను. బరువు ఎగిరింది మూడు గడుల్లోనే. సోమవారం పొద్దున, గురువారం పొద్దున, శనివారం పొద్దున. అంటే ఆదివారం ఆరాధన, బుధవారం స్త్రీల కూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన అయిన మర్నాడు. మా అమ్మ మందిరానికి వెళ్ళిన ప్రతి రోజూ ఆమె కాళ్ళలో నీరు చేరింది!

నాకు భయం వేసింది. ఆ కాగితం చేతిలో పట్టుకుని తలవంచి ఇలా ప్రార్థించాను: "ప్రభువా, ఉప్పు తూచాను, నీళ్ళు కొలిచాను, మాత్రలు లెక్కపెట్టాను, నాకేమీ తెలియలేదు. ఇంక లెక్క వద్దు తండ్రీ. అమ్మను అడిగే నోరివ్వు, అడిగాక కోప్పడకుండా వినే చెవులివ్వు." అంతే ప్రార్థన. లేచి వెళ్ళి అమ్మ మంచం పక్కన కూర్చున్నాను.

"అమ్మా, మందిరానికి వెళ్ళేరోజు ఏం చేస్తున్నావు?"

అమ్మ నా ముఖం చూసింది, కాగితం చూసింది. దిండు కింద నుంచి బైబిలు సంచి తీసి, దాని లోపలి జేబు జిప్పు లాగి నా ఒళ్ళో వంచింది. అన్నీ మాత్రలు. నేను నోరు తెరవకముందే నా వేళ్ళు లెక్కపెట్టేశాయి. యాభై ఏడు. తొమ్మిది వారాలు వారానికి మూడు చొప్పున ఇరవై ఏడు, తరువాత అయిదు వారాలు ఆరు చొప్పున ముప్ఫై. ఒక్కటి ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఖాళీ గడులు లెక్కపెట్టాను గాని, ఆ మాత్ర గొంతు దిగిందో లేదో నేను చూడలేదు.

"నీళ్ళ బిళ్ళ వేసుకుంటే అరగంటకోసారి లేవాలి కదరా," అంది అమ్మ మెల్లగా. "ముందు వరస కుర్చీ నాది. అంతమందిలోంచి లేచి, మందిరం వెనకాల మరుగుదొడ్డిదాకా వెళ్ళాలి. నువ్వింకా కాటా తేకముందు, ఒకాదివారం వాక్యం చెప్తుండగా లేచాను. తలుపుదాకా వెళ్ళలేకపోయాను. చీర తడిసిపోయింది. చెప్పుకోలేక ఎండలో నిలబడి ఆరబెట్టుకుని ఇంటికొచ్చాను."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే మందిరం మానెయ్యమంటావు కదా."

నిజమే సహోదరులారా, అదే అనేవాడిని! ఆ మూడు రోజులూ పొద్దున్నే ఆమె చేసిన ప్రార్థన ఏమిటో కూడా అప్పుడే చెప్పింది: "నాయనా, నీ సన్నిధిలో నన్ను మూడు గంటలు కుదురుగా కూర్చోనియ్యి, మిగతా నాలుగు రోజులూ నీ మాత్ర నేను తప్పను." బిళ్ళలు పారేయలేదేమంటే, "నీ కష్టం కదరా, మనసు రాలేదు," అంది. నాకు కోపం రాలేదు. అడిగిన చెవులు దేవుడు ఇచ్చాడు. ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని ఇద్దరం ఏడ్చాం.

సంగతంతా డాక్టరమ్మగారికి చెప్పాను. ఆవిడ అమ్మ చేయి పట్టుకుని, "ఆ మూడు రోజులూ మందిరం నుంచి వచ్చాక మధ్యాహ్నం రెండు గంటలకు వేసుకోండి మామ్మగారూ. మానడం మాత్రం కుదరదు," అన్నారు. అంత చిన్న మాట! అది అడగకపోవడం వల్ల ఆరుసార్లు కాదు, అరవైసార్లు కాదు, ప్రతి శ్వాసా కష్టపడి తీసుకుంది మా అమ్మ. మూడేసి గంటలు కాపాడుకోబోయి ఆ రెండోసారి అయిదు ఆదివారాలు పోగొట్టుకుంది.

అమ్మ ఒప్పుకున్నాకే పాస్టరుగారికి చెప్పాను. ఆయన ఎవరితోనూ ఏమీ అనకుండా పక్క తలుపు దగ్గర ఒక కుర్చీ వేయించారు, దొడ్డికి వెళ్ళే దారిలో పట్టుకోవడానికి ఒక కమ్మీ పెట్టించారు. ఆ నెలలోనే ఇంకో నలుగురు పెద్దవాళ్ళు ముందు వరసలు వదిలి ఆ తలుపు దగ్గరకు చేరారు. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఇది జరిగి పద్నాలుగు నెలలు. అమ్మ బరువు యాభై నాలుగుకీ యాభై అయిదుకీ మధ్యే నిలిచింది. గుండె కొత్తది కాలేదు, ఆ మాట దాచను. సాయంత్రానికి చీలమండల దగ్గర కొంచెం వాపు వస్తుంది, కాళ్ళు దిండుమీద ఎత్తిపెట్టి గంటసేపు పడుకుంటుంది, వెల్లకిలానే పడుకుంటుంది! మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఫోను చేయమన్నారు, ఇంతవరకూ చేయవలసిన పని పడలేదు. మందిరానికి మధ్యలో ఒక్కచోట ఆగి నడిచే వెళుతోంది. దేవునికే మహిమ! మా అమ్మను నీటి నుంచి విడిపించాడు, నన్ను నా లెక్కల గర్వం నుంచి విడిపించాడు.

ఇది చదువుతున్న పెద్దలారా, సిగ్గుపడి మాత్ర దాచిపెట్టుకున్నవాళ్ళు మీలో ఉంటే, దేవుని ఎదుట దాచలేనిదాన్ని పిల్లల దగ్గర దాచకండి. బిడ్డలారా, మీ పెద్దవాళ్ళ మాత్రలు లెక్కపెట్టండి, కాని వాళ్ళ పక్కన కూర్చుని అడగండి కూడా. ఆయనను నమ్ముకుని నోరు తెరిచి చెప్పుకున్నవాళ్ళను ఆయన సిగ్గుపరచడు, ఇది మా ఇంట్లో చూసి చెబుతున్నాను.

ఒక్క సంగతి మిగిలింది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే రాణిని క్షమించమని అడిగాను. ఆమె నా పుస్తకం తెచ్చి, నేను 'ఉప్పు' అని రాసిన చోటల్లా వేలుపెట్టి చూపించింది. ఇరవై మూడు.

"ఇరవై మూడుసార్లు అనుమానించి ఒక్కసారి అడిగితే లెక్క ఎలా సరిపోద్దండీ?" అంది.

న్యాయమే. అప్పటినుంచి అడుగుతున్నాను. అన్నం తింటూ అడిగినవి చెల్లవంది, మొక్కుబడిగా అడిగినవి కొట్టేసింది. నిలిచినవి పదమూడు. మా చెల్లెలి ఎదుట అన్న మాటకు మీ అందరి ఎదుట ఇప్పుడు అడుగుతున్నాను: రాణీ, నన్ను క్షమించు. ఇది కూడా ఆమె ఒప్పుకుంటే పద్నాలుగు. ఇంకా తొమ్మిది ఉన్నాయి.