కత్తెరక్క అడగని మాట

కుట్టుషాపులో అందరూ ఆవిణ్ణి కత్తెరక్క అనే పిలిచేవారు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే బల్ల ముందు నిలబడి బట్ట కత్తిరించడమే ఆవిడ పని. కుట్టేవాళ్ళు వచ్చారు, పోయారు. షాపు యజమాని కాలం చేశాడు, ఆయన కూతురు పెత్తనానికి వచ్చింది. కత్తెరక్క మాత్రం బల్ల వదల్లేదు. కత్తిరింపు ఆవిడకి కొట్టిన పిండి, ఆ సంగతి ఆవిడకీ బాగా తెలుసు.

గోడకి మేకులు కొట్టి కాగితం నమూనాలు వేలాడదీసేది. వాటికి తనే పేర్లు పెట్టుకుంది. ఈ భుజం నుంచి ఆ భుజం దాకా వెడల్పుగా ఉండే మెడ ‘నర్సమ్మ మెడ’, మొదట అడిగింది ఓ నర్సు కనక. బుట్టచేతులు ‘పోస్టాఫీసావిడ చేతులు’. రొమ్ము కిందనుంచే వదులుగా జారే గౌను ‘కడుపుతో ఉన్న కోడలు’. ఆ కడుపున పుట్టిన పిల్లకి పెళ్ళి కూడా అయిపోయింది, గోడమీద కోడలు మాత్రం ఇంకా కడుపుతోనే ఉంది.

ఆర్డర్లు ఫోన్లో రావడం మొదలయ్యాక చిక్కొచ్చి పడింది. మనిషి ఎదురుగా నిలబడి, మెడమీద వేలు పెట్టి, “ఇంత దించు అక్కా” అనడం పోయింది. దాని స్థానంలో ఫోన్లో చెప్పింది రాసిన చీటీలొచ్చాయి. బోట్ నెక్, పఫ్ స్లీవ్, ఎంపైర్ వెయిస్ట్ అని రాసి ఉండేవి. యజమాని కూతురు మొదట్లో ఒక్కో మాటకీ అర్థం చెప్పబోయింది.

“నేను కత్తెర పట్టేనాటికి నువ్వీ బల్ల కింద పాకుతున్నావు పాపా. నాకు పాఠాలా?” అంది కత్తెరక్క.

ఆ అమ్మాయి నవ్వి ఊరుకుంది. ఊరుకోకుండా ఉండాల్సింది. అప్పట్నుంచి తెలియని మాట వస్తే, పక్కన రాసినదాన్ని బట్టి ఊహించి కత్తెర ఆడించేసేది కత్తెరక్క. చాలాసార్లు ఊహ సరిపోయేది కూడా. అదే ఆవిడ కొంప ముంచింది.

ఓ వారం ఒక టీచరు చీటీ వచ్చింది. లేత నీలం నూలుబట్ట, పొడుగు టాప్, ముందంతా గుండీలు, పొడుగు చేతులు, రాగ్లాన్. ఆ చివరి మాట బట్ట నేసిన మిల్లు పేరు కాబోలనుకుంది కత్తెరక్క. పాప పక్క గదిలోనే ఉంది. నాలుగడుగులు వేసి అడిగితే సరిపోయేది. అడగలేదు. అందరికీ కత్తిరించినట్టే భుజమ్మీద కుట్టు వచ్చేలా కత్తిరించి, మిషను మీదికి పంపేసింది.

శనివారం పొద్దున టీచరు వచ్చింది. నలభై ఏళ్ళుంటాయేమో, కుడిచెయ్యి పొట్టకి ఆనించి పట్టుకుని నడుస్తోంది. టాప్ తీసుకుని తెర వెనక్కి వెళ్ళింది. ఎంతసేపటికీ రాలేదు. కత్తెరక్క పిలిచి, తెర కాస్త తొలగించి చూసింది. టాప్ సగం ఒంటిమీద ఉంది, సగం వేలాడుతోంది. కుడిచెయ్యి మధ్యలో ఇరుక్కుపోయింది. ఆవిడ పళ్ళు బిగబట్టి ఏడుపు ఆపుకుంటోంది.

చెయ్యి మెల్లగా బయటికి తీశాక టీచరు అసలు సంగతి చెప్పింది. “మెట్లమీంచి పడి భుజం విరిగిందండీ. ప్లేట్లు వేశారు. ఇక్కడ కుట్టు రాసుకుంటే ప్రాణం పోతుంది. రాగ్లాన్ అయితే కుట్టు మెడ దగ్గర్నించి చంక దాకా ఏటవాలుగా వస్తుంది, భుజమ్మీద ఏమీ ఉండదని వ్యాయామం చేయించే ఆవిడ చెప్పింది. అందుకే అలా రాయించాను.” చెయ్యి మళ్ళీ పొట్టకి ఆనించుకుని, “ఐదు నెలలుగా మా అత్తగారే నాకు బట్టలు తొడుగుతున్నారు. సోమవారం మళ్ళీ బడికి వెళ్తున్నా. ఆ రోజైనా నా అంతట నేను తయారవుదామనుకున్నా,” అంది.

కత్తెరక్కకి తల కొట్టేసినట్టయింది. బట్ట పాడైతే ఇంకో బట్ట తేవచ్చు. ఈవిడ సోమవారాన్ని ఎక్కణ్ణించి తేవాలి?

“చీటీలో ఉందమ్మా. నాకా మాట తెలీదు. అడగలేదు. తప్పు నాదే.”

కత్తెరక్క నోట ‘తెలీదు’ అన్న మాట ఆ షాపులో అంతవరకు ఎవరూ వినలేదు. మిషన్లు ఆగిపోయాయి.

“పాపా, ఇలా రా. రాగ్లాన్ ఎలా ఉంటుందో గీసి చూపించు.”

ఆ అమ్మాయి బల్లమీద సుద్దతో గీసింది. గీత కళ్ళబడ్డాక చేతులకి ఇంకెవరూ చెప్పనక్కర్లేకపోయింది. కత్తెరక్క కుట్లు విప్పి, మెడనుంచి చంకదాకా టాప్ ఒంటిభాగాన్ని ఏటవాలుగా కోసింది. కొత్త చేతులకి మిగిలిన ముక్క మోచేతిదాకే వచ్చింది. పాత చేతుల కింది సగాలు తెచ్చి దానికి అతికింది. కొలత తీసేటప్పుడు టేపు ఆ భుజానికి తగలకుండా గాలిలోనే పట్టుకుంది.

“ఈ నమూనా మీ పేరుమీదే గోడకి పెడతా. భుజం టీచరమ్మ చెయ్యి అని,” అంది, ఏదో ఒకటి ఇచ్చుకోవాలని.

“వద్దండీ. మా వీధిలో ఇప్పటికే భుజం విరిగినావిడ అంటే నేనే. మీ గోడమీద కూడానా? దానికో పేరుందిగా, అదే రాయండి.”

ఇన్నేళ్ళలో ఆ నర్సునిగానీ, ఆ కోడల్నిగానీ ఒక్క మాట అడిగి పేరు పెట్టిన పాపాన పోలేదని కత్తెరక్కకి అప్పుడు తోచింది. తెలుగులో రాగ్లాన్ అని కాగితమ్మీద పెద్దక్షరాలతో రాసింది.

మధ్యాహ్నం టీచరు మళ్ళీ తెర వెనక్కి వెళ్ళింది.

“సాయం రానా అమ్మా?”

“వద్దు. కాస్త ఆలస్యమవుతుంది, అంతే.”

నిజంగానే ఆలస్యమైంది. బయటికొచ్చేసరికి నుదుటిమీద చెమట. కింది గుండీ ఒకటి పక్క కాజాలో పడింది. కత్తెరక్క చెయ్యి అలవాటుగా ముందుకి వెళ్ళబోయింది. దాన్ని కొంగులో చుట్టి పట్టుకుంది. టీచరు అద్దంలో చూసుకుని, తనే గుర్తుపట్టి, ఎడమచేత్తో విప్పి, సరైన కాజాలో పెట్టుకుంది.

“సోమవారం మా అత్తగార్ని లేపను,” అంది. “ఆవిణ్ణి పడుకోనిస్తా.”