ఎనిమిది చేతుల మోంజియా

మా మహ్దియా ఊరి పోస్టాఫీసులో మూడో కిటికీ దగ్గర మీరొక కవరు ఇచ్చారనుకోండి. మోంజియా ఒక చేత్తో దాన్ని అందుకుంటుంది, ఇంకో చేత్తో స్టాంపు అంటిస్తుంది, అదే ఊపులో ముద్ర కొడుతుంది. ఈలోగా మీ చొక్కా కాలరు మడతపడి కనిపిస్తే కిటికీలోంచి చెయ్యి చాచి దాన్ని కూడా సరిచేస్తుంది. ఇదంతా రెండు చేతుల పనేనంటే కొత్తవాళ్ళు నమ్మరు. మాకు అలవాటైపోయింది.

ఆదివారం కూడా ఆ చేతులకు సెలవు లేదు. పాతకోట వెనక, సముద్రం వైపున్న స్కౌట్ల గదిలో ఆడపిల్లలకు ఆవిడే నాయకురాలు. పిల్లలు ‘కాయిదా’ అంటారు. ముప్ఫై ఏళ్ళుగా ఆ గది తాళంచెవి ఆవిడ దగ్గరే, ఈల ఆవిడ మెడలోనే, హాజరు పుస్తకం ఆవిడ సంచిలోనే. పిల్ల తాడు ముడి నేర్చుకుంటుంటే సగంలో “అలా కాదు, ఇటివ్వు” అని లాక్కుని తనే వేసేస్తుంది. వరసలో నిలబెట్టి ఒక్కొక్కరి మెడలో స్కార్ఫు బిగిస్తుంది, చెవి పక్క జుట్టు వెనక్కి తోస్తుంది, అవసరమైతే ముక్కు కూడా తుడుస్తుంది. ఏడేళ్ళ పిల్లకు అది ముద్దుగానే ఉంటుంది. పదిహేనేళ్ళ పిల్లకు నడివీధిలో ముక్కు తుడిపించుకోవడమంటే ప్రాణం పోయినంత పని.

అందుకే చాటున ఆవిడ పేరు కర్నీత్. అంటే ఆక్టోపస్. చలికాలమంతా మా రేవు నిండా దాన్ని పట్టే మట్టికుండలే ఉంటాయి కాబట్టి ఆ పేరు తట్టడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. పెట్టిన దుర్మార్గురాలెవరో నాకు బాగా తెలుసు. నేనే. అప్పటికి నాకు పదిహేనేళ్ళు. తర్వాత నేను చదువు ముగించి, మందుల షాపులో కుదిరి, పెళ్ళి చేసుకుని, ఇద్దర్ని కని, మళ్ళీ ఆదివారాలు మోంజియాకు సాయంగా చేరాను. మధ్యలో నేను మానేసిన ఏళ్ళలో కూడా నేను పెట్టిన పేరు మాత్రం వారం తప్పకుండా హాజరైంది.

అక్టోబరు మధ్యలో స్కౌట్ల జిల్లా కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. పెద్దపిల్లల దళంలో కనీసం ఎనిమిదిమంది ఉండాలి, నవంబరు మూడో ఆదివారం వచ్చి లెక్క చూస్తాం, లేకపోతే దళాన్ని ఎత్తేసి ఉన్నవాళ్ళను ‘పువ్వుల్లో’ కలిపేస్తాం అని. పువ్వులంటే మా దగ్గర పదకొండేళ్ళలోపు పిల్లలు. పదహారేళ్ళ పిల్లను తీసుకెళ్ళి పువ్వుల మధ్య కూర్చోబెడితే ఆ పై ఆదివారం మళ్ళీ మొహం చూపించదు. మా దగ్గరున్నది అయిదుగురు.

మోంజియాకు అది ఉట్టి లెక్క కాదు. పద్నాలుగేళ్ళప్పుడు ఆవిడను బడి మాన్పించారు. వాళ్ళ నాన్న గడప దాటనిచ్చింది వారానికి ఒక్కసారి, ఈ గదికే. ఇక్కడే ఒక పంతులమ్మ ఆవిడ చేత మళ్ళీ పుస్తకం పట్టించింది.

“ఆ వయసు పిల్లకి ఇల్లు కాక, బడి కాక, ఇంకో తలుపుండాలి సాల్హా,” అని నాతో అంటూ ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టింది. “దాన్నే మూస్తామంటున్నారు వీళ్ళు.”

నెల రోజులే గడువు. పిల్లల్ని ఆకట్టుకోవడానికి ఆవిడ చెయ్యని పని లేదు. గోరింట డిజైన్లు నేర్పిస్తానంది. పిల్లలకు ఫోన్లో అంతకంటే మంచివి వచ్చు. ఇప్పటి పాటలంటే ఇష్టమని ఎవరో చెబితే మేనకోడలి దగ్గర ఒక డాన్సు నేర్చుకొచ్చి, యూనిఫారంలోనే, మా అందరి ముందూ చేసి చూపించింది. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

చివరికి నెర్మీన్‌నే అడిగింది. నెర్మీన్ ఆ అయిదుగురికీ నోరు. “అసలు మీ బాధేంటే? ఒక్క ముక్కలో చెప్పు.”

“పేరు, కాయిదా.”

“ఏం పేరు?”

“మల్లెల దళం. మేం మల్లెలం మల్లెలం అని కేకేసుకుంటూ హైస్కూలు ముందు నుంచి పోతుంటే కాఫీ కొట్లో అబ్బాయిలు ముక్కులు ఎగబీలుస్తున్నారు. వాసన చూస్తున్నార్ట.”

“ఇంతేనా? అయితే మీరే పెట్టుకోండి కొత్త పేరు,” అని అప్పటికప్పుడు బిస్కెట్ల డబ్బా ఖాళీ చేసి చీటీలు వెయ్యమంది. మూల బెంచీ మీద అయిదు తలలూ దగ్గరకు చేరాయి, గుసగుసలు, కిసుక్కుమనడం. నాకప్పుడే అనుమానం వచ్చింది.

మోంజియా మొదటి చీటీ విప్పి “కర్నీత్” అని చదివింది. రెండోదీ కర్నీతే. అయిదో చీటీకి వచ్చేసరికి ఆవిడ మొహం వెలిగిపోతోంది. పిల్లల మొహాలు పాలిపోతున్నాయి. ఆవిడ డబ్బా విసిరికొడుతుందని, లేదా కనీసం ఎర్రబడుతుందని వాళ్ళ ఆశ.

“ఇంత ఐకమత్యం ఎప్పుడొచ్చిందర్రా మీకు,” అంది. “ఎంత మంచి పేరు. మల్లెలు ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి, ఇది మన ఊరిది. దానికి గుండెలు మూడు, తెలుసా? ఎంత సన్న సందులోనైనా దూరి బయటపడుతుంది.”

హాజరు పుస్తకం తీసి, ‘మల్లెలు’ కొట్టేసి, సిరాతో ‘కర్నీత్ దళం’ అని రాసింది. అంతటితో ఆగలేదు. జిల్లా తనిఖీదారు నూరీగారికి ఫోను కలిపి స్పీకర్లో పెట్టింది.

“కర్నీతా?” అన్నాడాయన.

“అదే. మా పిల్లలు ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు.”

నేను అప్పుడైనా నోరు విప్పాల్సింది. టీ పొరబోయి విప్పలేకపోయానని తర్వాత చెప్పుకున్నాను. నిజానికి టీ పొరబోయింది ఒక్క నిమిషమే.

తర్వాతి ఆదివారం అయిదుగురూ పది నిమిషాలు ముందే వచ్చారు. అలా రావడం అదే మొదటిసారి. తప్పు చేసిన మొహాలు పొద్దున్నే లేస్తాయి కాబోలు. కొత్త పేరు పెట్టుకున్న దళం కొత్త జెండా గీసుకోవాలి, కొత్త కేక కట్టుకోవాలి. మోంజియా రేవు నుంచి బకెట్లో బతికున్న కర్నీత్‌నే మోసుకొచ్చింది.

“బొమ్మ చూసి గీస్తే బొమ్మే వస్తుంది. దీన్ని చూసి గియ్యండి.”

అది నెర్మీన్ గాజును పట్టుకుని వదల్లేదు. ఒకతి లాగుతుంటే ఇంకొకతి “మెల్లిగా లాగవే, దానికి మూడు గుండెలున్నాయంట, ఏదో ఒకటి ఆగిపోద్ది” అంటోంది. తొడల మీద ఎనిమిది చరుపులు చరిచి చివర్న బుస్సుమనే కేక ఒకటి పుట్టింది. గంటసేపు ఒక్క ఫోనూ బయటికి రాలేదు. మోంజియా సంబరంగా అటూ ఇటూ తిరుగుతూ, తక్వా అనే నెమ్మదస్తురాలి మెడలో స్కార్ఫు వదులుగా ఉందని ముడి విప్పి మళ్ళీ కట్టడం మొదలెట్టింది.

“ఇంత మంచి ఆలోచన మీ బుర్రల్లోకి ఎలా వచ్చిందే తల్లీ?”

తక్వా ఏడ్చేసింది. “అది మీరే, కాయిదా.”

“ఏది నేను?”

“కర్నీత్. వెనకాల మిమ్మల్నే అంటాం. మీరు కోప్పడతారనుకున్నాం, ఇంత సంతోషపడతారనుకోలేదు.”

మోంజియా చేతులు తక్వా మెడ దగ్గరే ఆగిపోయాయి. వాటిని కిందికీ పైకీ చూసుకుంది. “ఎవరు మొదలెట్టార్రా?”

“మాకు తెలీదు కాయిదా,” అంది నెర్మీన్. “మా అమ్మ కూడా అలాగే అంటది.”

నెర్మీన్ వాళ్ళమ్మా నేనూ ఒకే దళం. అది ఆ గదిలో అందరికీ తెలుసు. ఆరు జతల కళ్ళు నా వైపు తిరిగాయి.

“నేనే, కాయిదా,” అన్నాను. “అప్పుడు నాకు పదిహేనేళ్ళు.”

“పదిహేనేళ్ళకి నీకు బూటు లేసు కట్టుకోవడం రాదు. పేర్లు పెట్టడం మాత్రం వచ్చిందన్నమాట.” అని సంచి భుజాన వేసుకుంది. గుమ్మం దాకా వెళ్ళి బకెట్టు వైపు చూపించింది. “దాన్ని నువ్వే తీసుకుపో. వండేముందు మెత్తబడేదాకా రాతి మీద నువ్వే కొట్టుకో.”

కొట్టాను. భుజం రెండు రోజులు లేవలేదు.

నాలుగు రోజులు ఆవిడ ఫోను ఎత్తలేదు. గురువారం పని లేకపోయినా ఒక కవరు పట్టుకుని మూడో కిటికీ వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది. ఆవిడ నా కవరు తీసుకోలేదు, ఒక పాత ఫారం కిటికీలోంచి జరిపింది. వెనక వైపు పెన్సిలుతో జాబితా ఉంది.

“రెండు రాత్రులు కూచుని రాశాను. ఆ గదిలో నేను చేసే పనులు. ఎనిమిదే వచ్చాయి. నువ్వన్నది తప్పేం కాదు.”

“కాయిదా, నేను ఆ రోజు...”

“నీ వెనక జనం ఉన్నారు. పద.”

నా కాలరు మడతపడి ఉంది. ఆవిడ చెయ్యి కిటికీ అద్దందాకా వచ్చింది. అక్కడ ఆగి, వెనక్కి వెళ్ళి, స్టాంపుల డబ్బా సర్దింది.

ఆ ఆదివారం జాబితా చదివి వినిపించింది. తాళంచెవి. హాజరు. వంట. మందుల పెట్టె. పువ్వులకు పాఠం. దారి చూసి దళాన్ని నడిపించడం. క్యాంపు ఎక్కడో ఎప్పుడో తేల్చడం. ఈల.

“ఒక్కొక్కరూ ఒక చెయ్యి తీసుకోండి. తీసుకున్నాక అది నాది కాదు.”

“పువ్వులకి నేను పాఠం చెప్పొచ్చా?” అంది తక్వా. “మీరు పక్కన కూచోకుండా?”

మోంజియా జాబితాలో ఆ వరస మీద పెన్సిలు గీత గీసింది. “కూచోను.”

అయిదు పనులు అయిదు నిమిషాల్లో పోయాయి. నెర్మీన్ తాళంచెవి తీసుకుని, మిగిలిన జాబితా చూసి పెదవి విరిచింది. “మూడు చేతులు ఊరికే వేలాడుతున్నాయి కాయిదా. ఇలా కుంటుకుంటూ పోతే నూరీగారి ముందు పరువు పోద్ది.”

పరువు ఎవరిదని నేనడగలేదు. ఆ వారమంతా వాళ్ళే తిరిగారు. మానేసి ఏడాదైన ఒక పిల్ల “మకరోనీ కాయిదా వండకపోతే వస్తా” అందట. వంట ఆమెకిచ్చారు. పటాలు చదవడం వచ్చిన ఇంకో పిల్లకు దారి ఇచ్చారు. ఏడుగురయ్యారు. మిగిలింది ఈల. దాని సంగతి వచ్చినప్పుడల్లా మోంజియా చెయ్యి గుండెల మీదికి వెళ్ళేది. “అది తర్వాత చూద్దాంలే.”

ఎనిమిదో పిల్ల ఉంది. పేరు షిరాజ్. పోయిన వసంతంలో దళం ఊళ్ళోంచి నడుస్తుంటే కాఫీ కొట్టు ముందు ఆగి, తరగతిలో అబ్బాయి దగ్గర లెక్కల నోటు తీసుకుంటోంది. మోంజియా ముమ్మారు ఈల ఊది, ఇంటిపేరుతో సహా పిలిచి, కొట్టు నిండా అబ్బాయిలు చూస్తుండగా స్కార్ఫు విప్పి మళ్ళీ కట్టింది. ఆ తర్వాత తరగతిలో షిరాజ్ లేచి నిలబడినప్పుడల్లా వెనక బెంచీలోంచి ఈల. మళ్ళీ మా గది మొహం చూడలేదు. శనివారం తక్వా చేత కబురు పంపింది. ఆ విజిల్ నా చేతికిస్తే వస్తా, లేకపోతే నా పేరు రాసుకోవద్దు అని.

“ఆ రోజు దాని మంచికే ఊదాను,” అంది మోంజియా నాతో.

ఇంతకాలం నోరు మూసుకున్నదాన్ని ఈసారి తెరిచాను. “మంచికి కాదు కాయిదా. అలవాటుకి.”

ఆవిడ మెడలో ఈలను గుప్పిట్లో బిగించుకుని వెళ్ళిపోయింది.

ఆదివారం నూరీగారు కళ్ళజోడు తుడుచుకుంటూ, కాగితాలు చంకలో పెట్టుకుని వచ్చాడు. జెండా ఎగురుతోంది. అందులో కర్నీత్‌కు ఎందుకో తొమ్మిది చేతులు పడ్డాయి. ఏడుగురు పిల్లలు నిలబడ్డారు. బయట గోడ దగ్గర జీన్సు ప్యాంటుతో షిరాజ్ నిలబడి ఉంది, లోపలికి రాదు, వెళ్ళిపోదు.

మోంజియా ఆ పిల్ల దగ్గరకు నడిచింది. నేను వినపడేంత దూరంలో ఉండేలా చూసుకున్నాను.

“అందరి ముందూ ఊదాను. వారం రోజులు నువ్వు సరిగ్గా తిండి తినలేదట, మీ అమ్మ చెప్పింది.”

“పది రోజులు.”

“పది రోజులు. తప్పు నాదే.”

మెడలోంచి తాడు తీయబోతే తలగుడ్డ పిన్నుకు చిక్కుకుంది. అక్కడే అటూ ఇటూ గింజుకుంది పాపం. తాడు ఊడి వచ్చాక అలవాటుగా ఈలను తలగుడ్డ కొసతో తుడవబోయింది.

“ఇవ్వండి. నేను తుడుచుకుంటా,” అంది షిరాజ్.

జేబులోంచి స్కార్ఫు తీసి కట్టుకుంది. వంకరగా కట్టుకుంది, ఒక కొస భుజం మీదికి పోయింది. మోంజియా చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది. వెనక నిలబడ్డ నాకు కనిపిస్తూనే ఉంది, ఒక చెయ్యి ఇంకో చేతి మణికట్టును గట్టిగా పట్టుకుంది.

షిరాజ్ మూడు పొట్టి ఈలలు ఊదింది. వరస కట్టమని దాని అర్థం. పిల్లలు జరిగి సర్దుకున్నారు. ముప్ఫై ఏళ్ళు ఊదడమే తప్ప ఆ ఈలకు కదలాల్సిన అవసరం రాని మోంజియా, ఏం తోచిందో ఏమో, గబగబా వెళ్ళి వరస చివర నిటారుగా నిలబడింది.

నూరీగారు పెన్సిలుతో గాలిలో లెక్కపెట్టాడు. “తొమ్మిది,” అని రాసుకుని, అప్పుడు తలెత్తాడు. “మదామ్ మోంజియా, మీరు...”

ఆవిడ నోరు తెరిచింది.

“వరసలో మాటల్లేవు,” అంది షిరాజ్.

మోంజియా నోరు మూసుకుంది. నూరీగారు ఒకసారి దగ్గి, తొమ్మిది కొట్టేసి, ఎనిమిది వేసి, కింద సంతకం చేశాడు.

దళం ఉంది. ఆ తర్వాతి ఆదివారం నెర్మీన్ తాళంచెవి ఇంట్లో మరిచిపోయి వచ్చింది. అది పరుగెత్తుకుంటూ వెళ్ళి తెచ్చేదాకా అరగంట సేపు పువ్వులతో సహా అందరం సముద్రపు గాలికి వణుకుతూ గోడ పక్కన నిలబడ్డాం. “ఏం బుర్రే నీది” అని మిగతా ఏడుగురూ దాన్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు. మోంజియా సంచిలో మారు తాళంచెవి ఉందని నాకు తెలుసు. నాకు తెలుసని ఆవిడకూ తెలుసు. సంచిని ఆవిడ ఇంకాస్త గట్టిగా చంకకు అదుముకుని, సముద్రం వైపు చూస్తూ నిలబడింది.