ఠాణా ముందర రాట్నాలు

మొన్న ఇల్లు దులుపుతుంటే సజ్జ మీద మూటగట్టి పెట్టిన పాత జంపఖానా ఒకటి కిందికి దించిన. మూట విప్పంగనే నూలు, గంజి, రంగు, ఏండ్లనాటి దుమ్ము అన్నీ కలిసిన వాసన గుప్పుమన్నది. దాన్ని ఎండకేసి వచ్చి కూసున్న గాని కాలు నిలువలేదు. ఇంట్లకూ బయటికీ తిరుగుడే. ఆ వాసన నన్ను తీస్కపోయి కొత్తవాడ గల్లీల నిలబెట్టింది.

మా చిన్నప్పుడు కొత్తవాడల ఏ ఇంటి ముందర నడిచినా మగ్గం చప్పుడే. మా బాపు, అమ్మ ఒకే జంపఖానా ముందర పక్కపక్కన కూసోని నేసేటోళ్లు, నాయినమ్మ అరుగు మీద రాట్నం ముందటేసుకొని నూలును కండెలకు చుట్టేది. వానకాలం నూలు తొందరగ ఆరకపోయేది. ఇంట్ల దండేల మీద, మంచం పట్టెల మీద, తలుపు రెక్కల మీద ఎర్రవీ నీలంవీ పోగులు ఏలాడుతుంటే, వాటి కింది నుంచి వంగి వంగి తిరిగే మా పిల్లల నెత్తుల మీద రంగు చుక్కలు పడేవి. పెద్దలకు పెట్టే పెత్రమాస దగ్గరికొచ్చిందంటే అమ్మ నువ్వులు వేయించి బెల్లమేసి దంచేది, ఆ వాసనకు గల్లీల ఆడుకునేటోళ్లం అందరం ఆట ఇడిసిపెట్టి రోలు చుట్టూ చేరేటోళ్లం.

మా చిన్నాయిన హనుమకొండల కాలేజీ చదివేటోడు. ఆయన దోస్తు మొగిలిది వర్ధన్నపేట దిక్కు పల్లె. తండ్రి లేడు, తల్లి కొమురమ్మ కూలికి పోయి చదివిస్తుండె. మొగిలి మా ఇంట్లనే ఉండేటోడు. ఊరికి పోయొచ్చినప్పుడల్లా సంచి నిండ మక్కకంకులు తెచ్చి, నిప్పుల మీద కాల్చి, ఉప్పూ కారం రాసి మొదటి కంకి నా చేతుల పెట్టేటోడు. నన్ను టీచరమ్మా అని పిలిచేటోడు, ఎందుకో మరి.

ఆ దినాలు మంచియి కావు. సభ పెట్టొద్దు, ఊరేగింపు తీయొద్దు, గోడ మీద రాయొద్దు, గొంతెత్తి పాడొద్దు. పోలీసులు పట్టుకపోయినోళ్లల్ల కొందరు కోర్టుకు పోయేటోళ్లు, కొందరు జైలుకు. కొందరు మాత్రం ఏ అడవిలనో ఎదురుకాల్పులల్ల సచ్చిపోయిన్రని తెల్లారి పేపర్ల వచ్చేది. పిల్లలం దొంగ-పోలీస్ ఆడుడు బందు పెట్టినం. పోలీసుగ ఉండనీకి ఎవ్వరం ఒప్పుకోకపోతుంటిమి. గల్లీల బండి చప్పుడైతే బాపు చెయ్యి ఆగేది, అది దాటిపోయినంక మళ్ల మగ్గం చప్పుడు మొదలయ్యేది. మేం పడుకున్నా, తిన్నా, నవ్వినా సగం చెవి బయటనే ఉండేది.

చిన్నాయిన వాళ్ల క్లాసు పిల్లగాన్ని ఒకన్ని పట్టుకపోయి జాడ చెప్పకపోతే కాలేజీ పిల్లలు చౌరస్తల కూసున్నరు, చిన్నాయిన, మొగిలి గూడ. లాఠీలు లేచినయి. తెల్లారి పగటిపూట జీపు మా ఇంటి ముందరనే ఆగింది. చిన్నాయిన, మొగిలి అన్నం ముందర ఉన్నరు. ఎంగిలి చెయ్యి కడుక్కోనియ్యకుంట గుంజుకపోయిన్రు. అడ్డం పోయిన బాపును తోసేస్తే మగ్గం కొయ్యకు తాకి నొసలు పగిలింది. ఏ ఠాణాకు తీస్కపోతాన్రని నాయినమ్మ జీపెంట పోయి అడిగింది. దుమ్ము లేపుకుంట జీపు గల్లీ దాటింది.

బాపు నొసటికి గుడ్డ కట్టుకొని ఊళ్లె ఉన్న ఠాణాలన్నీ తిరిగిండు. అంతట లేరన్నరు. ఆఖరికి ఒక ఠాణా ఎదురుంగ చాయ్ అమ్మేటాయన, ఇద్దరినీ లోపలికి తేంగ చూసిననని మెల్లగ చెప్పిండు. వకీలును కలిస్తే, మా దగ్గర ఉన్నరని పోలీసులు ఒప్పుకునే దాంక పిల్లల పానాలకు భరోసా లేదన్నడు. అది విన్న నాయినమ్మ లేచింది. రాట్నం ఎత్తుకొని, నూలు సంచి నాకిచ్చి, గల్లీలకు నడిచింది. ఎక్కడికని అడిగినోళ్లకు ఠాణాకని చెప్పింది. విన్న ఆడోళ్లు ఇండ్లల్లకు పోయి వాళ్ల రాట్నాలు, కండెల గంపలు తెచ్చుకున్నరు. గల్లీ మలుపు తిరిగేసరికి ఎనుక పెద్ద గుంపే అయింది.

ఠాణా ఎదురుంగ రోడ్డు పక్కన వరుసగ కూసోని రాట్నాలు తిప్పుడు మొదలు పెట్టిన్రు. ఎస్సై వచ్చి, గుంపు గూడుడు నిషేధం, ధర్నా బందు పెట్టి లేవమన్నడు. నాయినమ్మ చెయ్యి ఆపలేదు.

"ధర్నా గాదు సారూ, పని జేసుకుంటానం. నా కొడుకును, మొగిలిని ఒక్కపారి కండ్ల సూపియ్యిన్రి, లేసిపోతం."

లోపల అసొంటోళ్లు ఎవ్వరూ లేరన్నడు.

"అట్లయితే మేం గూడ ఈడ లేమనుకోన్రి."

కానిస్టేబుళ్లు గంపలు తన్నిన్రు. కండెలు రోడ్డు పొడుగూత దొర్లినయి. ఆడోళ్లు లేచి ఏరుకొచ్చుకొని మళ్ల కూసున్నరు. దుకాణపోళ్లు చూసీచూడనట్టు నీళ్ల బిందెలు తెచ్చి పెట్టిన్రు. మర్నాడు కొమురమ్మ కాళ్లకు పొలం మట్టితోనే దిగింది. ఆమెకు కండెలు చుట్టుడు రాదు. నాయినమ్మ ఆమె రెండు చేతులకు నూలు తగిలిచ్చి, ఆ పోగునే చుట్టుకుంట కూసున్నది.

రాట్నాల ఫోటో పేపర్ల వచ్చినంక ఇగ దాచలేకపోయిన్రు. చిన్నాయినను కోర్టుకు తీస్కపోనీకి బయటికి తెచ్చిన్రు. కుంటుతుండు, పెదవి వాసింది. అమ్మ ఏడుస్తనే నవ్వింది. కొమురమ్మ మాత్రం ఆయన ఎనుక తలుపు దిక్కే చూస్తాంది. వ్యాన్ ఎక్కేటప్పుడు చిన్నాయిన మెడ తిప్పి, "మొగిలిని పొద్దుగాల్నే ఏరే బండిల తీస్కపోయిన్రు" అని ఒర్రిండు. ఆయనను లోపలికి నూకి తలుపేసిన్రు.

మా మనిషి దొరికిండని మేం ఇంటికి పోవచ్చుండె. ఒక్క రాట్నం లేవలేదు. సద్దుల బతుకమ్మ నాడు పేపర్ల మొగిలి పేరు అచ్చయింది, అడవిల ఎదురుకాల్పులని. దవాఖానల శవాన్ని అప్పజెప్పిన్రు. ఆ ఏడు మా గల్లీల బతుకమ్మ పేర్వలేదు. అందరం లారీ ఎక్కి మొగిలి ఎంట వర్ధన్నపేట దిక్కు పోయినం.

చిన్నాయిన జైలు నుంచి వచ్చినంక ప్రతి వానకాలం కొమురమ్మ ఊరికి పోయి ఆమె ఇల్లు కప్పి వచ్చేటోడు. ఆమె పోయినప్పుడు తలకొరివి ఆయననే పెట్టిండు.

ఇప్పుడు కొత్తవాడల మగ్గాలు ఎతికితే గాని కనబడయి. మేం అపార్ట్‌మెంట్ల ఉంటున్నం. పోయిన నెల నా బిడ్డ కాలేజీల పిల్లలు గేటు ముందర కూసుంటే పోలీసు వ్యాన్లు వచ్చినయి. "వ్యాన్ల ఉన్నమ్మా, ఫికర్ జెయ్యకు" అని చెప్పింది, అంతల ఆమె ఫోన్ బందయింది. మా అపార్ట్‌మెంటోళ్ల ఫోన్ గ్రూపుల పెట్టిన, ఎవరన్న నాతోని ఠాణా దాంక రాగలరా అని. చూసినట్టు గుర్తులు పడ్డయి. జవాబు రాలేదు. మెట్లు దిగుతుంటే ఒక తలుపు జర తెరుచుకొని మళ్ల మూసుకున్నది. వాళ్లను అనను, వాళ్లకూ పిల్లలున్నరు. ఠాణాల నన్ను లేసిపొమ్మని ఎవ్వరూ అనలేదు. కుర్చీ సుత చూపెట్టిన్రు. పొద్దుమూకే యాళ్లకు పిల్లలను ఇడిసిపెట్టిన్రు.

బిడ్డ బయటికొచ్చి నన్ను పట్టుకొని, నా ఎనుకకు చూసింది.

"ఇంకెవరొచ్చిన్రమ్మా?"

"నేనొచ్చిన బిడ్డా" అన్న.