ఒకటికి మూడు బుట్టలు

మొన్న ఆదివారం కౌలాలంపూర్‌లో మా చెల్లెలి కూతురి ఇంటికి అందరం భోజనాలకు వెళ్లాం. వంట ఇంకా కాలేదు. ఆ పిల్ల ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. అమెరికా అధ్యక్ష ఎన్నికల మీద పందేలట, అంకెలు గంటగంటకూ మారుతున్నాయి. "మావయ్యా, ఈయనే విన్ అవుతాడంట లా. అటాయన మీద పెడితే ఒకటికి మూడు," అంది, మలేసియాలో అందరూ మాట చివర తగిలించే ఆ 'లా'తో సహా. పక్కన సోఫాలో కునికిపాట్లు పడుతున్న మా బావ, అంటే మా అక్క మొగుడు, కళ్లు తెరవకుండానే, "అయితే అటాయన మీదే పెట్టాల. గెలిసేవోడి మీద పెడితే మనకేటొత్తాది?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

ఎందుకో చెప్పాలంటే చాలా ఏళ్ల వెనక్కి, మేం హుటాన్ మెలింటాంగ్ అనే రేవు ఊళ్లో ఉన్న రోజులకు వెళ్లాలి. మన దేశానికి రాజుగారే తప్ప అధ్యక్షుడు లేడు. ఆ లోటు సంఘాలు తీరుస్తుంటాయి. ఏ సంఘానికి చూసినా ఒక జాతీయ అధ్యక్షుడు, ఆయన మెడలో ఒక దండ. మా తెలుగు సంఘానికి అలాంటి పదవికే నేను నిలబడ్డాను. దండ మీద మోజు లేదంటే అబద్ధం. కానీ అంతకన్నా పెద్ద ఆశ, మా పిల్లలకు తెలుగు బడి పెట్టించాలని. ఇంట్లో తమిళం, వీధిలో మలాయ్, తెలుగు మాటంటే నవ్వు వాళ్లకు. నాతో పోటీపడినాయన కౌలాలంపూర్ పెద్దమనిషి, విందులూ సన్మానాలూ తప్ప ఇంకో మాట ఎత్తేవాడు కాదు. బావ నాకు కుడిభుజం. మోటార్‌సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని సుంగై సిపుట్ దాకా తిప్పాడు. రబ్బరు తోటల ఇళ్లలోకి నాకన్నా ముందు తనే దూరి, "మా బామ్మర్దికే ఎయ్యాల. మన పిల్లలు మన మాట మర్సిపోతన్నారు," అని గుండెల మీద చెయ్యేసుకుని చెప్పేవాడు. ముసలమ్మలు కళ్లు తుడుచుకునేవారు. నేనూ తుడుచుకునేవాణ్ణి.

రేవు పక్కన ఒక చీనా ముసలాయన కాఫీ కొట్టు ఉండేది. ఆయన్ని అందరం తౌకే, అంటే షావుకారు, అనేవాళ్లం. పడవల మీద పనిచేసేవాళ్లకు పందెం లేనిదే కాఫీ దిగదు, తౌకేకేమో పోలీసులంటే భయం. అందుకని డబ్బుకు బదులు పీతల బుట్టలు కాసేవారు. మా ఎన్నికకూ ఆయన నల్లబల్ల మీద సుద్దతో రాశాడు. నా మీద కాస్తే బుట్టకు బుట్ట, అవతలాయన మీద కాస్తే బుట్టకు మూడు. నేనే గెలుస్తానని ఊరంతా నమ్మింది మరి. ఆ రాత చూసుకోవడానికే రోజూ సాయంత్రం వెళ్లి అక్కర్లేని టీ తాగేవాణ్ణి. ఒకరోజు తౌకే, అవతలాయన మీద కూడా ఒక బుట్ట పడిందన్నాడు. ఎవరో చెప్పలేదు. నేనొచ్చి బావతో, "ఎవడో ఎర్రిబాగులోడు, పాపం," అన్నాను. "పాపమే," అని బావ కూడా నవ్వాడు.

ఒక్క ఓటుతో ఓడిపోయాను. ఓట్లు లెక్కపెట్టిన హాల్లోనే బావ నన్ను పట్టుకుని ఏడ్చాడు. మర్నాడు కదులుతున్న పీతల బుట్ట తెచ్చి అక్క చేతికిచ్చి, "నీ తమ్ముడు నిన్నట్నించి మెతుకు ముట్టలేదు. మిరియాలు బాగా దంచేసి ఒండు," అన్నాడు. అక్క వండింది. పెంకులు కొరికి, వేళ్లు నాకి మరీ తిన్నాను. పదవి పోతే పోయింది, ఇలాంటి బావ ఎంతమందికి ఉంటాడు అనుకున్నాను.

ఆ తర్వాత కాఫీ కొట్టుకు వెళ్తే, తౌకే మలాయ్‌లో పలకరించాడు. "పీతలు బాగున్నాయా? మీ బావ మూడు బుట్టలు మొయ్యలేక నా సైకిల్ పట్టుకెళ్లాడు," అన్నాడు. నాకు తెలుసనే అనుకున్నాడాయన.

నేరుగా బావ దగ్గరికే వెళ్లి అడిగాను. సిగ్గన్నా పడలేదు. "అందరూ నీ మీదే కాసినారు లా. అటేపు ఎవుడో ఒకడు కాయాల గదా? నీకూ ఒక బుట్ట తెచ్చినాను గదా?" అన్నాడు.

"మరి ఓటెవరికేసినావు బావా?"

బావ లోపలికి తిరిగి, "ఏమే, బామ్మర్దికి టీ ఎట్టు," అని కేకేశాడు.

అక్క టీ తెచ్చింది. ఆమె మొహం చూసి నోరు మూసుకుని తాగేశాను. మోసం చేసినవాడు పరాయివాడైతే నాలుగు తిట్టి దులుపుకోవచ్చు. అక్క మొగుణ్ణి తిడితే ఆ తిట్టు వెళ్లి అక్కకే తగులుతుంది. తెలుగు బడి రానేలేదు. ఇవాళ బావ మనవలకు 'తాతా' తప్ప ఇంకో తెలుగు మాట రాదు. ఆయన వాళ్లతో వచ్చీరాని ఇంగ్లీషులో తంటాలు పడుతుంటే, జాలిపడదామనుకుంటాను గానీ పడలేను.

మొన్న ఆదివారం వంట అయ్యాక అక్క అందర్నీ భోజనాలకు పిలిచింది. బల్ల మధ్యలో పీతల కూర, నా కంచం దగ్గర మాత్రం విడిగా కోడి కూర. "ఈడికి పీతలు పడవమ్మా, ఎప్పట్నించో," అని అక్క ఆ పిల్లకు చెబుతోంది. బావ పెంకు ఒలుస్తూ, తలెత్తకుండా, "అవును, పడవు," అన్నాడు. కాలం రాళ్లనైనా అరగదీస్తుందంటారు. ఆ రోజు తిన్న పీతలు నాకింకా అరగలేదు.